నిమ్మకాయల సంచి

దసరా పూజకు లారీలన్నీ యార్డులోనే ఉండాలని, ఆ వేళకు ఏ డ్రైవరూ రోడ్డు మీద ఉండకూడదని యూనియన్ ముప్పై ఏళ్లుగా అడుగుతోంది. ఈసారి సేటు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

మడికొండ యార్డులో లారీలు బారులు తీరాయి. యాభై ఏళ్ల కంపెనీలో ఇంతటి వరుస ఎవరూ చూడలేదు. యూనియన్ కార్యదర్శి నర్సింగం మీసం దువ్వుకుంటూ ఎంచాడు. ఒక్కటే తక్కువ. దాని డ్రైవర్ ఖలీల్‌కు ఫోన్ చేశాడు.

“యాడున్నవ్‌రా?”

“తొర్రూర్ల అన్నా. పత్తి దించిన. మళ్ల లోడ్ ఎత్తుతనంటే ఆఫీసోళ్లు వద్దన్నరు, ఖాళీగనే రమ్మన్నరు. ఎన్నడన్న ఖాళీగ వచ్చినమా?”

“పండుగ గదరా. జల్ది రా, నీకోసమే ఆగినం.”

ఖలీల్ వచ్చి, అందరిలాగే తన తాళంచెవిని అమ్మవారి ముందున్న ఇత్తడి పళ్లెంలో పెట్టాడు. పంతులు హారతి ఇచ్చాడు. ఇక తాళంచెవులు తీసుకుని, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఒక్కో లారీ గేటు దాటాలి. ఏటా అంతే.

“సేటూ, నిమ్మకాయల సంచి ఏది?” అన్నాడు నర్సింగం.

“ఈసారి తెప్పించలేదు.”

సేటు తల ఎత్తలేదు. తాళంచెవుల పళ్లెం తీసుకుని ఆఫీసులోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకున్నాడు. డ్రైవర్ల వెనక, యార్డు గేటుకు గొలుసు వేస్తున్న చప్పుడు వినిపించింది.

ఖలీల్ నర్సింగం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“నా బండొక్కటన్న బయటుండేది అన్నా. నువ్వే జల్ది రమ్మంటివి.”