చెప్పని పేరు

"చెప్పను గాక చెప్పను," అంది నెట్టీ, రొట్టెల పిండి పిసుకుతూ.

క్లెమెంట్ పెన్సిల్ గాల్లోనే ఆగిపోయింది. పొద్దున్నుంచీ పని సాఫీగా సాగుతోంది. నాన్న పేరు చెప్పింది, చిన్నాన్నల పేర్లు చెప్పింది, ఎప్పుడో దూరదేశం మనువెళ్ళిన మేనత్త పేరు కూడా చెప్పింది. అమ్మ దగ్గరకొచ్చేసరికి మొరాయించింది.

"అమ్మ పేరు చెప్పడానికేమైంది?"

"పోయింది గదా. పోయినోళ్ళ పేరు ఎత్తుతారా ఎవరైనా? మీవాళ్ళు నీకు ఆ మాత్రం కూడా నేర్పలేదా దొరా?"

పక్కనే వాలబీ అనే చిన్న కంగారూ మాంసం కాలుస్తున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. క్లెమెంట్ ఏమీ అనుకోలేదు. ఎదురుగా కనిపించే మగవాళ్ళ దీవిలో వారం రోజులుండి ఈ సంగతి ముందే నేర్చుకున్నాడు. పేరడిగితే చేత్తో నోరు మూసుకున్నారంటే ఆ మనిషి లేనట్టే. అమ్మ అని ఉన్నచోట చిన్న సిలువ గీసుకున్నాడు. ఎవరికి ఎవరేమవుతారో రాసుకోవడమే అతని పని. ఆ పిచ్చితోనే సముద్రం దాటి వచ్చాడు. ఆడవాళ్ళు అతనికి 'కాగితాల దొర' అని పేరు పెట్టేశారు.

వాళ్ళెవరూ ఈ దీవికి సరదాగా రాలేదు. జబ్బుందని పోలీసులు మెడకు గొలుసులు వేసి, గొర్రెల ఫారాల నుంచి నడిపించుకొచ్చారు. ఉందో లేదో గుర్రం దిగకుండానే తేల్చేశారు. ఆడవాళ్ళని ఇక్కడ దింపారు, మగవాళ్ళని అక్కడ దింపారు. రెండు దీవుల్లోనూ ఉన్నవి ఆస్పత్రులే, మధ్యలో సముద్రం ఉంది.

"సరే, తరవాత..." అంటూ క్లెమెంట్ పేజీ తిప్పబోయాడు.

"ఆగు. పొద్దున్నుంచీ నువ్వే అడుగుతున్నావు. ఇప్పుడు నా వంతు," అంది నెట్టీ. "ఆ దీవిలో రూఫస్ అని ఒకడుండాలి. ఎడంచేతికి చిటికెనవేలుండదు. ఉన్నాడా, పోయాడా?"

"నీకేమవుతాడు?" పెన్సిల్ మళ్ళీ లేచింది.

"ముందు నువ్వు చెప్పు. తరవాత నేను చెప్తా."

"ఆ దీవి కబుర్లు ఇక్కడ చెప్పనని డాక్టరుకి మాటిచ్చాను నెట్టీ."

"అయితే నేనూ చెప్పను. నీ కాగితంలో అక్కడ ఖాళీ అలాగే ఉంచుకో."

ఖాళీ అన్న మాట వినగానే క్లెమెంట్ ప్రాణం గిలగిలలాడింది. రూఫస్ ఈమెకి అన్నా? మేనమామ కొడుకా? ఫారంలో తోటి పనివాడా? తెలుసుకోకుండా పడవెక్కితే అతనికి నిద్ర పట్టదు. మాట తప్పుతున్నందుకు కాసేపు సిగ్గుపడ్డాడు, ఆ తరవాత డాక్టరు గుడారం వైపు ఓసారి చూసి పుస్తకం వెనక్కి తిప్పాడు.

నెట్టీ చేతిలో ఉన్న పిండిముద్ద కింద పడింది. తీయలేదు. రెండు చలికాలాలుగా ఆ దీవి మీద లేచే పొగ చూడడమే తప్ప, ఆ పొగ కింద ఎవరున్నారో చెప్పినవాళ్ళు లేరు.

"రూఫస్... ఇదిగో. ఉన్నాడు. మూడు రోజుల కిందట నా ఎదురుగానే కూర్చుని నా పొగాకంతా ఊదేశాడు."

ఆడవాళ్ళు ఒక్కసారిగా గోల చేశారు. నెట్టీ పిండి చేతులతోనే మొహం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో క్లెమెంట్‌కి అర్థం కాలేదు.

"దగ్గుతున్నాడా? తింటున్నాడా?"

"తినడమా! నా వాటా మాంసం కూడా లాగించాడు."

"వాడే! వాడే!" అంది నెట్టీ. "ఇంకా ఎవరెవరి పేర్లు చెప్పాడు? చదువు దొరా."

క్లెమెంట్ చదివాడు. అన్నలు ఇద్దరు. మేనమామ ఒకడు. ఒక చెల్లెలు, ఆమె పిల్లలు. ఒక్కో పేరుకీ నెట్టీ తలూపింది. అతను చదవడం ఆపేశాక మెల్లిగా అడిగింది.

"పెళ్ళాం?"

"పోయింది, పాపం," అన్నాడు క్లెమెంట్. "పేరు ఎంతడిగినా చెప్పలేదు. చేత్తో నోరు మూసుకుని అటు తిరిగిపోయాడు. ఆమె పోయిన దుఃఖానికి గుర్తుగా జుట్టు కూడా కత్తిరించేసుకున్నాడు. ఈ దీవిలోనే పోయిందని పడవవాడెవడో చెప్పాడట. నేనూ ఇంకేం అడగలేకపోయాను."

మాంసం మాడుతున్నా ఆడవాళ్ళెవరూ కదల్లేదు.

ఒడ్డు నుంచి పడవవాడు కేకేశాడు. సముద్రం నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి, ఇంక బయల్దేరాలి. పడవ వెళ్తూ వెళ్తూ మగవాళ్ళ దీవిలో ఒక గంట ఆగి, అక్కడ్నుంచి అవతలి ఒడ్డున ఉన్న పెద్దనేలకి పోతుంది. మళ్ళీ క్లెమెంట్ ఇటు రాడు. గబగబా పుస్తకం సంచిలో పెట్టబోయి ఆగాడు.

"ఇక్కడే పోయిందంటే మీకు తెలిసే ఉంటుంది. ఎవరామె? పేరొద్దు, చెప్పకూడదని నాకూ తెలుసు. ఏదైనా గుర్తు చెప్పినా చాలు, రాసుకుంటాను."

నెట్టీ లేచి నిలబడింది. ఎదురు దీవి మీద పొగ లేస్తోంది. దాన్ని కాసేపు చూసి క్లెమెంట్ వైపు తిరిగింది.

"రాసుకోవడమెందుకు? పడవ దిగగానే పోయి వాడికే చెప్పు," అంది. "పొద్దున్నుంచీ నువ్వు మాట్లాడింది ఆమెతోనేనని."