ఇసుకీగల బల్బు

"ముందు ఆ తెల్ల బల్బు పీకెయ్యే బుల్లమ్మా! ఇసుకీగలన్నీ దానికోసమే వస్తున్నాయి," అన్నాడు త్రినాధరావు, కారు దిగీ దిగకముందే.

పూడిమడక సముద్రం ఒడ్డున బుల్లమ్మ చేపలమ్ముకునే తాటాకు పాక అది. పొద్దు గూకితే చాలు, ఇసుకలోంచి నలుసంత ఈగలు లేచి కాళ్ళు పీక్కు తింటాయి. కిందటిసారి త్రినాధరావు చీలమండలు బూరెల్లా పొంగాయి. ఆ కోపం ఆయనకి ఈగలమీద కన్నా ఊరిమీదే ఎక్కువ.

అనకాపల్లిలో ఆయనది క్యాటరింగు వ్యాపారం. ఆ రాత్రి ఓ ఫ్యాక్టరీ మేనేజరు ఇంటికి భోజనానికి వస్తున్నాడు. వంజరం పులుసు నచ్చిందా, ఫ్యాక్టరీ క్యాంటీను త్రినాధరావుదే. నచ్చలేదా, ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడిందంతా గంగపాలే. అందుకే వంటవాణ్ణి నమ్మక తనే వచ్చాడు. ఆయన ఎవర్నీ నమ్మడు. మనిషి నోరు అబద్ధమాడుతుంది గానీ చేప మొప్ప అబద్ధమాడదంటాడు.

జేబులోంచి ఎర్ర బల్బు తీశాడు.

"తెలుపుకీ నీలానికీ ఎగబడతాయి. ఎరుపు వాటి కంటికి ఆనదు. ఫోన్లో చదివేను. పుట్టినకాణ్ణించీ కుట్టించుకుంటున్నారు గదా, మీలో ఒక్కడికైనా తట్టిందేటి?"

"మా యాపారానికి తెల్ల లైటే ఉండాల బాబూ. ఎందుకంటే..."

"నువ్వా నాకు చెప్పేది? స్టూలు పట్టుకో."

బుల్లమ్మ స్టూలు పట్టుకుంది. పాకంతా ఎర్రబడింది. త్రినాధరావు నడుంమీద చేతులేసుకుని, సముద్రానికి కూడా తనే కరెంటిచ్చినట్టు నిలబడ్డాడు. అంతలోనే చీలమండమీద ఒకటి కుట్టింది. ఆ వెంటనే ఇంకొకటి. గోక్కోలేదు. గోక్కుంటే పరువు పోతుంది.

"చూశావా? ఒక్కటైనా ఉందేటి?"

"నన్ను కుడతన్నాయి బాబూ," అంది బుల్లమ్మ మోచెయ్యి చరుచుకుంటూ.

"నీకలవాటు గనక కుడుతున్నాయి. చేప చూపించు."

ఆమె ముందున్న బుట్ట దగ్గరికి జరిపింది.

"ఇయాల్టిది బాబూ. ఇప్పుడే పడవ దిగింది."

త్రినాధరావు అటు చూడనైనా లేదు. ఊరి వాసన పడక ముక్కుకి సెంటు రుమాలు కట్టుకున్నాడు. ఆ రుమాలు పైనుంచే వెనకాల గోనె కప్పిన బుట్టకేసి గడ్డం ఆడించాడు.

"అందులో ఏటున్నాది?"

"అది నిన్నటిదండి. ఉప్పెట్టి ఎండేత్తాను. మీకొద్దు."

ఆయన నవ్వాడు. అమ్మేవాళ్ళు ముందుకు తోసేది చెత్త, వెనకాల దాచేది సరుకు. ఈ సంగతి తెలియకుండానే ఇన్నాళ్ళు వ్యాపారం చేశాడా? గోనె లాగేసి, వేలికి నీచు అంటకుండా కారు తాళంతో వంజరం మొప్ప ఎత్తి చూశాడు. మందారంలా ఉంది.

"నిన్నటి చేపకి మొప్ప ఇంత ఎర్రగా ఉంటుందేటే? ఎవడికోసం దాచేవు?"

"గంగమ్మ తల్లిమీద ఒట్టు బాబూ! అది అట్టుకెళ్ళకండి. ఇంటికాడ నలుగురు తినేది."

"మీ ఒట్లు సముద్రంలో కలుపుకోండి. సంచీలో వెయ్యి."

బుల్లమ్మ చేపని సంచీలో వేసింది. త్రినాధరావు కారెక్కుతూ వెనక్కి తిరిగాడు.

"బల్బు ఉంచుకో. నా పేరు చెప్పుకుని బతకండి."

ఆయన ఇంటికొచ్చేసరికే మేనేజరు హాల్లో కూర్చుని, పులుసు ఎప్పుడొస్తుందా అని వంటింటి గుమ్మంకేసి చూస్తున్నాడు. త్రినాధరావు వంటింట్లోకి వెళ్ళి సంచీ భార్య నూకరత్నం చేతికిచ్చాడు.

"అసలు సరుకు దాచేయబోయింది. నా దగ్గరా!" అని, ఎవరూ చూడరు గనక ట్యూబులైటు కింద స్టూలుమీద కాలు పెట్టి కసిదీరా గోక్కోవడం మొదలెట్టాడు.

నూకరత్నం చేపని సింకులో వేసి, మొప్ప ఎత్తి చూసి, "ఇదేటండీ, ఇలా పాలిపోయి బూడిదలాగున్నాది... ఏ లైటు కింద చూసి కొన్నారు?" అంది.