గవరయ్య నాలాలో తేట నీళ్లు

ఫెరార్గంజ్ ఊరి వెనక కొండ మీంచి రెండు నాలాలు, చిన్న వాగులు, దిగుతాయి. ఒకటి గవరయ్య పోకతోటలోంచి, ఇంకోటి పోలిరాజు తోటలోంచి. ఇద్దరి ఇళ్లూ కొండ కిందే.

ఆ రోజు గవరయ్య లేచి చూసేసరికి ఎవరో ఒకాయన నాలాలో మోకాళ్లదాకా దిగి కర్ర పాతుతున్నాడు. కర్రకి ఖాళీ సీసా కట్టాడు. కర్ర మీద గవరయ్య పేరు రాశాడు. పోలిరాజు నాలాలో అప్పటికే అలాంటిదే ఇంకోటి పాతి ఉంది.

"ఏటి బాబూ, ఏ ఆఫీసు?"

"మిన్నీ బే ఆఫీసు నుంచి వచ్చాను. ఆనందబాబు అంటారు, ఇంజనీర్ని. వానకి కొండమట్టి కొట్టుకొస్తుంది కదా, ఏ నాలాలో ఎక్కువొస్తోందో చూడాలి."

"సూసి ఏటి సేస్తారు?"

"లిస్టు రాసి పంపుతాను. శాంక్షనయ్యాక చెబుతాను భయ్యా. ముందే మాటివ్వకూడదు."

ఆ వాలు మీద అడవి నరికి పోక వేసింది గవరయ్యే. చేతిలో కాగితం ముక్క లేదు. ఆఫీసువాడు కొలతలకొచ్చాడంటే తోట పీకడానికేనని ఊళ్లో అందరికీ తెలుసు.

"మన తోట మీదికే వచ్చినాడే," అన్నాడు ఇంట్లోకొచ్చి.

"టీ అయినా ఇచ్చినావా?" అంది భార్య యర్రమ్మ.

వాన పడింది. గవరయ్య సీసాలో సగానికి సగం మట్టి. పోలిరాజు సీసాలో అడుగున చిటికెడు.

గవరయ్య అటూ ఇటూ చూశాడు. సీసాలు మార్చేశాడు.

వాన వెలిసి, నాలాలు తేటపడ్డాక ఆనందబాబు వచ్చి ఆ సీసాలు తీసుకెళ్లాడు. కొత్తవి కట్టాడు. అలా నాలుగు వానలు. నాలుగుసార్లూ గవరయ్య సీసాలు మార్చాడు. పైగా ఆఖరిసారి ఆయన సంచీ రోడ్డుదాకా మోసిపెట్టాడు.

"మీలాంటివాళ్లుంటే మా పని సుళువండీ," అని ఆయన మురిసిపోయాడు పాపం.

లిస్టు వచ్చింది. మొదటి పేరు పోలిరాజుది. తోట పోయిందని పోలిరాజు పెళ్లాం కనకలక్ష్మి వాకిట్లో కూలబడి ఏడ్చింది. గవరయ్య వెళ్లి ఓదార్చాడు కూడానూ!

వారానికి జేసీబీ వచ్చింది. ఒక్క పోకచెట్టునీ ముట్టుకోలేదు. కూలీలు పోలిరాజు ఇంటి వెనక ఇనుప వలల్లో రాళ్లు కూరి, నిలువెత్తు గోడ లేపారు.

"ఇదేటి?" అన్నాడు గవరయ్య మేస్త్రీతో.

"కొండ జారితే ఇంటి మీద పడకుండా. ఎక్కువ మట్టి కొట్టుకొచ్చే వాలే ముందు జారుతాదంట. ఈ ఏడు ఒక్క గోడకే డబ్బులు. అదీ ఆ ఇంజనీరు సార్ ఆఫీసులో కొట్లాడి తెచ్చినాడు."

ఇంటికెళ్లి గవరయ్య అంతా చెప్పేసరికి యర్రమ్మ అతని చేతులు పట్టుకుంది.

"ఎల్లి నిజం సెప్పెయ్యి. సీసాలు మార్సినానని సెప్పు. ఆయన మంచోడయ్యా."

"సెప్పి, ఊళ్లో మొహం ఎక్కడెట్టుకోను? పోలిరాజు ఉమ్మేస్తాడు. వచ్చే ఏడు మనకీ కడతారులే. బస్, ఇంక ఆ మాటెత్తకు."

వాన వచ్చే ఏడుదాకా ఆగలేదు. గోడ లేచిన పదో రోజు మధ్యాహ్నం గవరయ్య బజారు నుంచి వచ్చేసరికి వంటిల్లున్న చోట మట్టి ఉంది. యర్రమ్మ శవాన్ని బయటికి తీసేసరికి సాయంత్రమైంది.

మర్నాడు ఆనందబాబు వచ్చాడు. ఆ బురదలోనే మోకాళ్ల మీద కూర్చుని గవరయ్య కాళ్లు పట్టుకున్నాడు.

"తప్పు నాదే భయ్యా. నాలుగుసార్లు చూశాను, మీ నీళ్లు తేటగానే ఉన్నాయి. ఎక్కడో లెక్క తప్పాను. మీ ఇంటికి గోడ అక్కర్లేదని రాసింది నేనే. రాజీనామా ఇచ్చేసి వచ్చాను. నన్ను క్షమించండి."

ఊరంతా చూస్తోంది. పోలిరాజు కళ్లు తుడుచుకుంటున్నాడు.

గవరయ్య వంగి, ఆయన్ని భుజాలు పట్టి లేపి, క్షమించాడు.