నారప్ప కడుపులో తేమ

దిండు దులిపితే గలగలమంది. సుంకమ్మ గలీబు విప్పి తిరగేసింది. గుప్పెడు వేరుశనగ తొక్కలు నేలమీద రాలాయి.

"ఇవి యాడియి?" అని మొగుణ్ణి నిలదీసింది.

"ఎలుకలు" అన్నాడు నారప్ప, మంచం మీద నుంచి లేవకుండానే.

"ఎలుక కాయ తిని తొక్కలు దిండులో దాచుకుంటాదా? దానికీ నీ మాదిరి పెండ్లాం భయం ఉండాదా?"

"గుప్పెడు కాయలకు ఇంత పంచాయితీ ఏంది? నా చేన్లో పండినవే కదా."

"విత్తనానికని పెట్టినవి. నువ్వు ఇట్లే తింటా పోతే వాన పడినాక ఏం వేస్తావు, ఈ తొక్కలా?"

వంటింటి గడపలో నిలబడి కోడలు గంగాదేవి అంతా వింటోంది. కొట్టుగదిలో పేర్చిన ఆ కాయల మూటలే ఆమె దిగులు. రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. ఈసారన్నా పదును పడితే చేలో వేయడానికి ఉన్నవి అవే. అవి తరిగితే మళ్లీ కొనే దారి లేదు. మామేమో మూట మూలన వేలు పట్టేంత కన్నం చేసి, వచ్చినప్పుడొకటి పోయినప్పుడొకటి లాగుతున్నాడు. నెమ్మదిగా చెబితే వినడు. అత్త అరిస్తే అసలే వినడు.

గంగాదేవి వారపత్రిక తీసుకుని వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుంది. పావగడ వెళ్లినప్పుడల్లా భర్త సంజీవప్ప ఆమె కోసం తెచ్చే తెలుగు పత్రిక అది. ఊరు కర్ణాటకలోది కావడంతో తండ్రీ కొడుకులు చదివింది కన్నడ బడిలో. పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడినా ఇద్దరికీ ఆ అక్షరాలు రావు. హిందూపురంలో కాలేజీ చదివిన గంగాదేవి ఒక్కతే ఆ ఇంట్లో వాటిని చదవగలదు.

"మామా, చైనావాళ్ల వైద్యం గురించి రాసినారు. వింటావా?"

"వాళ్ల వైద్యం మనకేటికమ్మా?"

"వసంతకాలం ఆఖర్న ప్లీహం జాగ్రత్తగా చూసుకోవాలంట. ప్లీహమంటే కడుపులో ఎడమ పక్క ఉంటాదే, బల్ల, అది."

నారప్ప లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడు బల్ల పెరిగిందని కాల్చిన పసుపుకొమ్ముతో పెట్టిన వాత మచ్చ ఆయన పొట్ట మీద ఇంకా ఉంది. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

"దానికేమయితాదంట?"

"ఈ కాలంలో ఒంట్లో తేమ చేరి బల్ల నీరసపడతాదంట."

"తేమా?" నారప్ప బయట మండుతున్న ఎండ వంక చూశాడు. "తాలూకా అంతా తవ్వినా చుక్క దొరకలేదు. నా కడుపులో ఉండాదా? బోరుబండి వాన్ని పిలవండి, ఈడే వేస్తాడు."

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాదేవి మాత్రం నవ్వలేదు. పరీక్ష రాసే పిల్లలా పేజీ మీద వేలు పెట్టి చదివింది.

"చల్లనివి, పచ్చివి తగ్గించాలంట. వేడిగా తినాలంట, బాగా నమలాలంట. అల్లం మంచిదంట. కొర్రజావ అన్నిటికన్నా మంచిదంట. మనిషి దిగులు పడితే బల్ల చెడతాదంట."

అంతవరకూ పత్రికలో ఉన్నదే. తరవాతి మాట ఆమె తల ఎత్తకుండా తనే కలిపింది.

"శెనక్కాయ మాత్రం బల్లకు విషమంట."

"అచ్చులో ఉండాదా?"

"ఉండాది మామా."

నారప్ప చొక్కా జేబులోంచి రెండు కాయలు తీసి, తేలును వదిలించుకున్నట్టు కిటికీలోంచి పారేశాడు.

ఆ రోజు నుంచి ఆయన పూర్తిగా మారిపోయాడు. మజ్జిగ ముంత చూస్తే మొహం తిప్పుకున్నాడు. కుండనీళ్లు వెచ్చబెట్టించుకుని తాగాడు. పాత కుండలో మిగిలిన కొర్రలు దంచించి పొద్దూ మాపూ జావే తాగాడు. ఆ జావను కూడా నమిలాడు. ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కున్నా ఆయన మొదటి గుటకలోనే ఉండేవాడు.

"వాతలు పెట్టిననాడు కూడా ఇంత బుద్ధిగా లేడు" అంది సుంకమ్మ.

"కడుపు దూదిపింజ మాదిరి ఉండాది" అన్నాడు నారప్ప. "మా నాయన కాలంలో అందరూ కొర్రలే తినిరి. శెనక్కాయ వచ్చినాకనే కదా మనుషులకు ఈ రోగాలు."

గంగాదేవి మూట కన్నం గోనెదారంతో కుట్టేసింది. ఒక్క అబద్ధం ఆడితే ఏం, విత్తనం మిగిలిందనుకుంది.

ఆ వారంలోనే ఊరి బోరు ఎండిపోయింది. మర్నాడు అత్తాకోడళ్లు తెల్లారగానే బిందెలతో దూరపు తోట బోరు దగ్గరికి పోయి, నడినెత్తికి ఎండ వచ్చాక తిరిగొచ్చారు. అప్పటికే తండ్రీ కొడుకులు కంచాల ముందు కూర్చుని ఉన్నారు. పొద్దున కాచిపెట్టిన జావ వెచ్చజేసి గంగాదేవి వడ్డించింది.

"ఇవే ఆఖరి కొర్రలు మామా. కుండ ఖాళీ అయింది."

"అందుకే ఒక మాట అనుకున్నా. అందరూ వినండి" అన్నాడు నారప్ప. "ఈ తూరి మన చేలో శెనక్కాయ లేదు. కొర్ర వేస్తాము. మన బల్లకు పడనిదాన్ని మనమెందుకు పండించాల?"

గరిటె గంగాదేవి చేతిలోనే నిలిచిపోయింది.

"అది కాదు మామా. ఆ పత్రికలో... శెనక్కాయ సంగతి అంత గట్టిగా రాయలేదు."

"విషమని నువ్వే కదమ్మా చదివితివి."

ఆమె భర్త వంక చూసింది. సంజీవప్ప కంచంలోకి ఇంకా వంగాడు. అతని భుజాల మీద గోనెపీచు అంటుకుని ఉంది.

"మరి మూటలు?" అంది నెమ్మదిగా.

"మీరు నీళ్లకు పోయినప్పుడు మంగళవాడ ఊరి బైలప్ప బండి తోలుకొని వచ్చి, కొర్ర విత్తనం ఈడ దించి, దానికి బదులు కాయల మూటలన్నీ ఎక్కించుకొని పోయినాడు" అన్నాడు నారప్ప. జావ మరో గుటక నమిలి, గొంతు తగ్గించి, "ఆ బల్ల సంగతి మాత్రం వానితో అన్లేదమ్మా. తెలిస్తే తీసుకుంటాడా?" అన్నాడు.