పదిహేడో నంబరు

స్నేహలత రెండొందల అరవై పాడింది. రెప్పపాటులో పదిహేడో నంబరు రెండొందల డెబ్బైకి పెంచింది.

నాంపల్లిలోని ఆ కాలేజీకంతా పెద్ద కంప్యూటర్ ఒక్కటే. దాని మీద గంటసేపు పని చేసుకోవాలంటే వేలం పాడాల్సిందే. నెలకు తలా మూడొందల పాయింట్లు. తెర మీద పేర్లు కనపడవు, నంబర్లే.

"మేడం, ఈ పదిహేడు ఎవరో జర చెప్పుండ్రి. రేపు ప్రాజెక్టు చూపియ్యకుంటే ఏడాది పాయె."

"పేర్లు చెప్పొద్దమ్మా, రూల్," అంది ల్యాబ్ చూసుకునే జయమణి. "నీ ప్రాజెక్టు జోడీ పరశురాం ఏడి?"

"కొట్లాడినం. రెండు దినాలైంది మాట్లాడక. ఆనికేం ఫికర్ లేదు, నేనే చావాలె."

నిమిషమే మిగిలింది. స్నేహలత రెండొందల తొంభై పాడింది. పదిహేడు మొత్తం మూడొందలూ పెట్టేసింది. వేలం ముగిసింది.

ఆమె కీబోర్డును విసురుగా తోసేసింది.

అంతలో పరశురాం ఫోన్ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఫోన్‌లోనే వేలం పాడుతూ అబిడ్స్ నుంచి ఉరుకుతూ వచ్చినట్టున్నాడు.

"గంట దొరికింది స్నేహా! ఎవరో పదకొండో నంబరట, ఎంతేసినా మీదికొస్తుండు. నా పాయింట్లన్నీ పాయె. పోనీ, మన ప్రాజెక్టు నడుస్తది."

స్నేహలత తెర మూలన ఉన్న తన నంబరు చూసుకుంది. పదకొండు. పక్క కుర్చీ అతని వైపు జరిపింది.

తర్వాతి గంటకు వేలం తెరుచుకుంది. పాట మొదలయ్యే పది పాయింట్ల దగ్గరే ఉంది. పెంచేవాళ్లు లేరు.

"పొద్దటి సంది పాడుతున్నది మీరిద్దరే," అంది జయమణి. "గందుకే గదా అడిగిన, పరశురాం ఏడీ అని."