వెలుగుబొమ్మకు దిష్టి

పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టాక, మా సుమేధ కూడా అందరిలాగే వట్టి వెలుతురుతో చేసిన, తన పోలికలున్న వెలుగుబొమ్మను తెచ్చుకుంది. ముందు గదిలో ఆ బొమ్మ, పచ్చళ్ళు కొనేవాళ్ళతో కబుర్లు చెబుతుంది. వెనక గదిలో పిల్ల తిండీ నిద్రా మాని సీసాలు నింపుతుంది. ఎప్పుడు కళ్ళు తిరిగి పడిపోతుందోనని నాకు గుండె దడ.

ఆ సాయంత్రం పిల్ల ముందు గదిలో తీరిగ్గా కూర్చుని కనబడింది. గబగబా గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టి దిష్టి తీశాను. గుప్పిట భుజంలోంచి దూరిపోయింది.

"దానికెందుకమ్మా దిష్టి? నాకు తియ్యవా?" వెనక నుంచి సుమేధ నవ్వింది.

"నువ్వొకచోట కూర్చుంటే కదే!"

వచ్చి కూర్చుంది. మూడోసారి తిప్పేలోగా గోడకు తల వాల్చేసింది. హడలిపోయి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది. నిద్రే.

ఎవరో తలుపు తట్టారు. బొమ్మ అటు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.