లోపలి హాల్లో ఆయన

"ఊడ్చే పనికి గంత పౌడరెందుకే?"

అద్దం ముందున్న సరళ వెనక్కి తిరగలేదు. "పెద్దపెద్దోళ్లు వస్తరు. మంచిగ గనవడొద్దా?"

మండుటెండల్లో పొడుగు చేతుల రవికె, మెడ చుట్టూ కొంగు. గౌడవెల్లి నుంచి ఆటోలో శామీర్‌పేట పోయి, మ్యూజియంలో నేల తుడిచే మనిషికి ఈ సింగారమేమిటో జైపాల్‌కు అంతుపట్టలేదు. పెళ్లైన కొత్తలో తన కోసం కూడా ఆమె ఇంతగా తయారవలేదు. నిన్న కూడా ఇంట్లో ఇదే మాట మీద గొడవైంది.

ఆ మధ్యాహ్నం జీడిమెట్ల ఫ్యాక్టరీలో సగం పూట సెలవు పెట్టి, బండి మీద నేరుగా మ్యూజియానికి వెళ్లాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మొగులయ్యకు తానెవరో చెప్పలేదు.

"సరళ యాడుంటది?"

"బువ్వ యాల్ల గదా. లోపలి హాల్ల, ఆయన ముంగట గూసుంటది." మొగులయ్య నవ్వాడు. "రోజు గంతే. తినుడు గూడ యాదికుండది ఆ బిడ్డకు."

'ఆయన' అన్న మాటకు జైపాల్ ఒళ్లు భగ్గుమంది. అడుగుల చప్పుడు కాకుండా లోపలికి నడిచాడు.

హాల్లో సరళ ఒక్కతే ఉంది. డబ్బా మూతైనా తీయకుండా నేల మీద కూర్చుని, గోడకున్న నిలువెత్తు బొమ్మను చూస్తోంది. అడవిలో ఒకామె ఈటె దిగి పడి ఉంది. అందగాడొకడు ఆమెను ఒడిలోకి తీసుకుని ఏడుస్తున్నాడు.

జైపాల్‌కు సిగ్గేసింది. ఒక బొమ్మను చూసా తను ఇన్నాళ్లూ కుళ్లుకున్నది? అయినా ఆ అందగాడి ముఖం చూసిన కొద్దీ అసూయ ఎక్కువైంది.

"ఎవడాడు?"

సరళ అదిరిపడి లేచి గోడకు అంటుకుపోయింది.

"గ్రీకు దేశపోడంట. మ్యూజియం మేడం చెప్పింది. మొగుడు ఎవరితోనో తిరుగుతుండని పెండ్లాం అనుమానపడి, ఎనుక బోయి పొదల దాక్కున్నదంట. ఆకులు కదిలితె జింక అనుకొని ఈటె ఇసిరిండు. తెల్వక జంపిండు."

"చంపినోణ్ణి రోజు గింతసేపు సూసుడేంది? ఏం నచ్చిందే వాని దగ్గర?"

సరళ కళ్లు బొమ్మ మీద నుంచి కదలలేదు.

"కొట్టినంక ఏడ్చిన మొగోన్ని ఈన్నొక్కన్నే సూసిన."